గోడ మీద తలకిందుల మనిషి

నా చిన్నప్పుడు మా ఊరి పిల్లలకు చీకటంటే అంత భయం ఉండేది కాదు, మిట్టమధ్యాహ్నమంటేనే హడల్. వినుకొండకు ఎడంగా, నల్లరేగడి చేల మధ్య ఉండే ఊరు మాది. ఎండాకాలంలో పన్నెండు దాటితే వీధిలో కుక్క కూడా కనబడదు. వడగాలి లోపలికి రాకుండా జనం తలుపులు బిగించుకుని పడుకునేవాళ్ళు. ఆ వేళ బయట తిరిగేవాళ్ళు మనుషులు కారని మాకు నూరిపోశారు. పిల్లలు ఎండన పడి తిరగకుండా పెద్దవాళ్ళు అల్లిన మాట అని ఇప్పుడు తెలుస్తోంది గానీ, అప్పుడు మాత్రం తలుపు సందులోంచి కల్లం వైపు చూడాలన్నా నాకు ఒళ్ళు జలదరించేది.

కల్లం అంటే మా ఇంటి ముందరి ఖాళీ జాగా. మిరపకాయలు అక్కడే ఎండబోసేవాళ్ళం. ఎండ నడినెత్తికి వచ్చే వేళకు ఆ ఎర్రటి పరుపు మీద గాలి సన్నగా వణుకుతూ ఉండేది. ఆ ఘాటుకు తలుపులు మూసినా ఇంట్లో ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉండేవాళ్ళు.

మా నాన్న సేద్యం చేసేవాడే గానీ ఆయన చేతులు ఊరికే ఉండేవి కావు. వేసవి సెలవులిచ్చారంటే నాకూ ఆయనకూ పండగే. పొద్దున్నే కాయలు తిరగబోసి వచ్చాక వేపచెట్టు నీడలో కూర్చుని ఏదో ఒకటి చేసేవాళ్ళం. తాటిబుర్రలతో బండి, తాటాకుతో గాలికి తిరిగే చక్రం, అగ్గిపెట్టెలకు దారం కట్టి టెలిఫోను. దేనికీ పైసా ఖర్చుండేది కాదు. సగం తను చేసి, మిగతాది నా చేతికిచ్చి "ఇక నువ్వు పాడుచెయ్యి" అనేవాడు. నేను నిజంగానే పాడుచేసేదాన్ని. ఆయన నవ్వి ఇంకొకటి మొదలుపెట్టేవాడు.

ఆ ఏడాది శివరాత్రికి ముందు మా తాతయ్య పోయాడు. ఎండలు ముదిరాక నాయనమ్మ మంచాన్ని వీధి గదిలోకి మార్చారు. మందపాటి గోడలు కాబట్టి చల్లగా ఉంటుందని. ఆ గది వీధి తలుపుకు పాత గొళ్ళెం ఊడిపోతే నాన్న కొత్తది కాస్త పైన బిగించాడు. పాతదాని చిల్లు అలాగే ఉండిపోయింది.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం టీ తాగుతూ నాయనమ్మ, వానొచ్చి వెలిసిందని చెప్పినంత మామూలుగా, "మీ తాత వచ్చిపోయాడే" అంది నాతో. గోడలో నడుస్తున్నాడట. తలకిందులుగా నడుస్తున్నాడట. పోయినవాళ్ళు అలాగే నడుస్తారు కాబోలు అని తనే సర్దిచెప్పుకుంది. అమ్మ నవ్వి ఊరుకుంది. కానీ మర్నాడూ అదే మాట, ఆ మర్నాడూ అదే మాట. నెమ్మదిగా నాయనమ్మ అన్నం మానేసింది. మనిషి వచ్చి పిలుస్తుంటే ముద్ద ఎలా దిగుతుందనేది. ఊళ్ళో డాక్టరు చూసి రోగమేమీ లేదు, తినకపోతే మాత్రం ఎక్కువ రోజులు ఉండదు అని చెప్పి వెళ్ళాడు.

ఒకరోజు మధ్యాహ్నం అమ్మ మజ్జిగ గ్లాసు ఇచ్చి రమ్మంటే ఆ గదిలోకి వెళ్ళాను. కరెంటు లేదు. లోపలి తలుపు నా వెనకే మూసుకుంది. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక, ఎదురుగా ఉన్న సున్నం గోడ కదులుతున్నట్టు అనిపించింది. ఆకాశం కింద ఉంది. నేల పైకప్పుకు అంటుకుని ఉంది. ఎర్రటి కుప్పలు పైనుంచి వేలాడుతున్నాయి. వాటి మధ్య తెల్లబట్టల మనిషి ఒకడు, పాదాలు పైన, తల కింద, ఏ చప్పుడూ లేకుండా నడిచి వెళ్ళాడు. మొహం తెలియలేదు. నాయనమ్మ మంచం మీద నుంచి అతనికేసి చూస్తూ చెయ్యి జాపింది. నా చేతిలో గ్లాసు ఎప్పుడు జారిపోయిందో నాకు తెలియదు. ఆ సాయంత్రం ఒళ్ళు కాలిపోయే జ్వరం.

నాన్న గుంటూరు మిర్చి యార్డు నుంచి వచ్చేసరికి నేను దుప్పటి తీయడం లేదు. అంతా విన్నాడు. మర్నాడు పొద్దెక్కి ఎండ ముదిరాక నన్ను ఎత్తుకుని ఆ గదిలోకే తీసుకెళ్ళాడు. నేను ఆయన మెడలో మొహం దాచుకున్నాను. ఆయన చాలాసేపు గోడను చూసి, మెల్లగా తలుపు దగ్గరికి వెళ్ళి, ఆ పాత చిల్లు మీద బొటనవేలు పెట్టాడు. గోడ చీకటైపోయింది. వేలు తీశాడు. కల్లం మళ్ళీ తలకిందులుగా వచ్చి వాలింది, కాయలకు కాపలా తిరిగే తెల్లపంచె పాలేరుతో సహా.

ఆ రోజే మేం డబ్బా చేశాం. చెప్పుల అట్టపెట్టె తీసుకుని లోపలంతా బొగ్గుపొడి పూశాం. ఒక వైపు పిన్నీసుతో చిల్లు. ఎదురు వైపు అట్ట కోసేసి, కొబ్బరినూనె రాసిన తెల్లకాగితం అంటించాం. చిల్లును కల్లం వైపు పెట్టి, వెనకనుంచి కాగితాన్ని చూడాలి. వెలుతురు రాకుండా తల మీద దుప్పటి కప్పుకోవాలి. కాగితం మీద గేదె ఆకాశం నుంచి వేలాడుతోంది. కాయలు ఏరే ఆడవాళ్ళు వేలాడుతున్నారు. వాళ్ళ మాటలు బయటి నుంచి వినబడుతున్నాయి, కాగితం మీది మనుషులు మాత్రం మూగవాళ్ళు. సంగతి తెలిసినా ఆ మూగతనం నన్ను వదల్లేదు. నాన్న ఎదురుగా నిలబడి చెయ్యి ఎత్తి, ఏ చెయ్యో చెప్పమనేవాడు. నేను మెడ వంచి, తల కిందికి పెట్టి చూసి కుడిచెయ్యి అనేదాన్ని. ప్రతిసారీ సరిగ్గానే చెప్పాను. అలా ఆడి ఆడి నా జ్వరం దిగిపోయింది.

నాయనమ్మకు కూడా చూపించి చెబితే సరిపోతుందనుకున్నాం. నాన్న ఆవిణ్ణి లేపి కూర్చోబెట్టి, చిల్లు చూపించి, ఆ బొమ్మ ఇందులోంచే వస్తోందమ్మా అన్నాడు. ఆవిడ తల ఊపింది. "నేనూ అదేగా చెప్పేది. దారి లేందే ఆయన ఎట్టా వస్తాడు?" అంది. ఇక లాభం లేదని నాన్న చిల్లులో గుడ్డ కుక్కాడు. ఆవిడ గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఆయన్ని ఎండలో నిలబెట్టి తలుపేశారంటూ ఆ పూట మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నాన్న వెళ్ళి గుడ్డ తీసేశాడు. నాన్న కళ్ళల్లో భయం నేను చూడటం అదే మొదలు.

మర్నాడు నాన్న పెట్టెలోంచి తాతయ్య పంచె, కండువా తీసి కట్టుకున్నాడు. నన్ను పిలిచి, రాగిజావ గిన్నె పట్టుకుని నాయనమ్మ పక్కన కూర్చోమన్నాడు. "నేను బయటికి పోతున్నానమ్మా. గోడ మీద ఏం కనబడ్డా భయపడబాక, అది నేనే" అని నా చెవిలో చెప్పాడు. తర్వాత పెరటి దారిన చుట్టూ తిరిగి కల్లంలోకి వెళ్ళాడు.

నేను మంచం పట్టెమీద కూర్చున్నాను. నాయనమ్మ చెయ్యి ఎండు కట్టెలా నా మోకాలి మీద ఉంది. కాసేపు గోడ మీద ఎవరూ లేరు. తర్వాత అంచు నుంచి తెల్లటి మనిషి వచ్చి మధ్యలో ఆగాడు. తలుపుకు దగ్గరగా నిలబడ్డాడేమో, ఆ బొమ్మ నిండు మనిషంత ఉంది. పాదాలు పైకప్పు కింద, తల గచ్చుకు జానెడెత్తులో. చెయ్యి ఎత్తి, రావద్దన్నట్టు అడ్డంగా ఊపాడు. నోటి దగ్గరికి ముద్ద తీసుకెళ్ళినట్టు చూపించాడు. మళ్ళీ వద్దన్నట్టు ఊపాడు.

నాయనమ్మ లేచి కూర్చుంది. ఎన్నో రోజుల తర్వాత తనంతట తనే. "ఆ ఎడంచెయ్యి చూడవే" అంది. "మీ తాతది ఎడంచేతి వాటం. కొడవలి ఆ చేత్తోనే, చర్నాకోల ఆ చేత్తోనే. ఎంతమంది నవ్వినా మార్చుకోలా."

నేను మెడ వంచి చూశాను. నిజమే. అది ఎడమచెయ్యే. మా నాన్నది కుడిచేతి వాటం. బయట వడగాలి తలుపును తడుతోంది, నాకు మాత్రం వెన్ను చల్లబడిపోయింది. అది నేనే అని చెప్పి వెళ్ళిన మా నాన్న ఎక్కడున్నాడో, గోడ మీద ఉన్నదెవరో నాకు అర్థం కాలేదు. నాయనమ్మ మాత్రం నా చేతిలో గిన్నె తీసుకుంది. "వద్దంటున్నాడు. ఇంకా ఉండమంటున్నాడు. మొండి మనిషి, ఎప్పుడూ తన మాటే నెగ్గాలి" అని విసుక్కుంటూ, కన్నీళ్ళు తుడుచుకుంటూ, జావంతా తాగేసింది.

నాన్న చెమటతో తడిసి లోపలికి వచ్చాడు. ఖాళీ గిన్నె చూసి నన్ను గట్టిగా కావిలించుకున్నాడు. ఏ చెయ్యి ఊపావు నాన్నా అని చెవిలో అడిగాను. కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. ఎడంచెయ్యి ఊగిందని, నాయనమ్మ తాతయ్య చేతిని పోల్చుకుందని చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది. తన చేతినే అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. నా వెనకగా వెళ్ళి, ఎవరూ లేని ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

నాయనమ్మ ఆ రోజు నుంచి తింది. నా పెళ్ళి నాటికి కూడా ఉంది, వంటవాళ్ళ మీద కేకలేసింది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ చిల్లును ఎవరూ పూడ్చలేదు. నాన్న మళ్ళీ ఆ వేషం వెయ్యలేదు. ఆవిడ పోయిన పన్నెండో రోజున, చుట్టాలు వెళ్ళిపోయాక, నాన్న నాతో ఒక్క మాట అన్నాడు. "ఆ రోజు ఎండలో నిలబడింది నేనొక్కణ్ణే కాదమ్మా. మా అమ్మ కోసం ఆయన కూడా వచ్చాడు." దయ్యాల్లేవని నాకు డబ్బా చేసి చూపించిన మనిషి ఆ మాట అన్నాడు.

మొన్న వేసవిలో మా అబ్బాయికి ఆ డబ్బా చేసి ఇచ్చాను. వాడికి అది చాలలేదు. దాంతో పడగ్గది కిటికీలన్నీ మూసి, ఒకదానికి చిల్లు పెట్టిన అట్ట కట్టి, గోడ మీద కూడా బొమ్మ పడేలా చేశాను. వాడు బయటికెళ్ళి కుడిచెయ్యి ఎత్తాడు. గోడ మీద ఎడమచెయ్యి లేచింది. వాడి చేత మళ్ళీ మళ్ళీ ఎత్తించాను. చివరికి అర్థమైంది. డబ్బాలో కాగితాన్ని వెనకనుంచి చూస్తాం, గోడను ముందునుంచి చూస్తాం. అందుకే గోడ మీద తలకిందులవడంతో పాటు, అద్దంలో లాగా కుడి ఎడమగా మారుతుంది. ఎవరు నిలబడి ఊపినా అంతే. ఇన్నేళ్ళ భయానికి కారణం ఇంత చిన్నది.

నాన్న మా వీధి చివరే, మా తమ్ముడి ఇంట్లో ఉంటాడు. చెప్పేద్దామని ఎండలోనే పరుగున వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని, తమ్ముడి కూతురికి తాటాకు చక్రం ఎలా మడవాలో చూపిస్తున్నాడు. నన్ను చూసి, "ఇంత ఎండలో ఏంటమ్మా?" అన్నాడు. ఆయన కుడిచెయ్యి గాలిలోనే ఆగింది. ముసలిదైపోయిన ఆ చేతికి తన తండ్రి ఒకసారి తోడొచ్చాడని ఆయన నమ్ముతున్నాడు.

"ఊరికే వచ్చా నాన్నా" అని పక్కన కూర్చున్నాను. ఆయన సగం మడిచిన తాటాకు నా చేతికిచ్చాడు. నేను కనుక్కున్న కారణం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నాన్న ఉన్నంతకాలం అది నా దగ్గరే ఉంటుంది.