మంచి కాలికి కట్టిన గజ్జెలు

నిన్న మోకాలికి వ్యాయామం నేర్పే అమ్మాయి నన్ను మంచం మీద పడుకోబెట్టి, మోకాలి కింద తువ్వాల చుట్టి పెట్టి, "కిందికి నొక్కి పది లెక్కపెట్టండి సార్" అంది. నాది వయసుతో వచ్చిన నొప్పి, దానికి పెద్ద కథేం లేదు. నాలుగు దగ్గరికి వచ్చేసరికి మా బావ గుర్తొచ్చాడు. ఆయన అంకెలు లెక్కపెట్టేవాడు కాదు. పల్లవి ఒకసారి పాడితే పది అయినట్టే అనేవాడు.

బావ అంటే మా అక్క భర్త. నర్మెట్ట దగ్గర తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో మా ధూంధాం ఆటపాటల జట్టులో ముందు నిలబడి ఆడేది ఆయనే, పాడేది నేను. జనగామలో రాస్తారోకో నాడు పోలీసులు తరిమితే కాలువ దూకాడు, మోకాలు మెలిపడింది. దవాఖానలో డాక్టరు చూసి, లిగమెంటు సగమే తెగింది, కోయనక్కర్లేదు, పట్టీ వేసుకుని మూడు నెలలు ఓపిక పడితే మళ్లీ చెట్టెక్కుతావని చెప్పాడు. ఇక చూడాలి బావ శ్రద్ధ. పొద్దున లేస్తే వాకిట్లో వెల్లకిలా పడుకుని, తొడ బిగించి కాలు లేపుతూ దించుతూ పాడుతుంటే, పక్కింటి అవ్వ "గీయనకు దెబ్బ మోకాలికా, తలకాయకా" అని అక్కను అడిగేది.

ఆరో వారానికి వాపు తగ్గింది. సరిగ్గా అప్పుడే మహబూబాబాద్‌లో ధూంధాం పెట్టారు. బావ లేకపోతే నా పాట ఎవరు వింటారని నా బెంగ. పిలవడానికి పోతే అక్క వాకిలికి అడ్డం నిలబడింది.

"డాక్టరు మూడు నెల్లన్నడు తమ్మీ. ఆ కాలు మీదనే మా ఇల్లు నడుస్తది."

నేను నా తెలివంతా చూపించాను. "దెబ్బ కాలికి గజ్జెలు కట్టనక్కా. మంచి కాలికే కడ్త. కుర్సీల కూసొని గదే ఆడిస్తడు." అక్క నమ్మింది. నేనూ నమ్మాను.

మూడు పాటలు బావ కూర్చునే గజ్జెలు మోగించాడు. నాలుగో పాటకు జనం ఈలలు వేశారు, నేను గొంతు పెంచాను, ఆయన లేచాడు. గజ్జెల కాలు పైకెత్తాడు. మంచి కాలు పైకి లేస్తే మనిషి బరువంతా దెబ్బ కాలి మీదే పడుతుందని నాకు అప్పటిదాకా తట్టలేదు. మోకాలు పక్కకు జారింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, చరణం పూర్తి చేశాక గానీ నేను ఆయన దగ్గరికి పోలేదు.

బావ మళ్లీ చెట్టెక్కలేదు. అక్క పత్తి ఏరే కూలికి ఘనపూర్ దాకా పోయేది. "రాష్ట్రమొచ్చింది గద, ఇంకేం పరేషాన్ బామ్మర్దీ" అని బావ నవ్వేవాడు. అక్క మాత్రం చాన్నాళ్లు నాతో మాట్లాడలేదు. ఇద్దరిలో నాకు తగిన న్యాయం చేసింది అక్కే అనిపిస్తుంది.

"పది అయ్యాయా సార్?" అంది అమ్మాయి. అయ్యాయన్నాను. రాష్ట్రం కోసం తరాలకు తరాలు ఓపిక పట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ మనిషి మోకాలి కోసం ఇంకో ఆరు వారాలు ఆగలేకపోయాను.