ఆగాల్సిన గడియారం

నా కళ్లజోడు మీద ఒట్టు. నవ్వకండి... అది లేకపోతే నేను గడప కూడా దాటలేను. అందుకే దేవుడి పటం మీద కంటే దాని మీద ఒట్టేయాలంటేనే నాకు భయం. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. నాకు జరిగింది. ఉదయగిరిలో, నా స్నేహితురాలు షాహీనా వాళ్ల ఇంటి వెనక రేకుల షెడ్డులో. నమ్మకపోతే లేచి వెళ్లి పడుకోండి, నాకేం కోపం లేదు. మధ్యలో తెలివితేటలు చూపించి ప్రశ్నలు మాత్రం వేయకండి. మీరడిగేవన్నీ నన్ను నేను ఎప్పుడో అడిగేసుకున్నాను.

నేను ఆత్మకూరులో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. దయ్యాలంటే నాకు భయం లేదు. చిరాకు. ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే వైరు ఊడిందేమో చూడమంటాను. సగం దయ్యాలు ఊడిన వైర్లేనని నా నమ్మకం. ఇప్పటికీ దాదాపు అంతే.

మీకో సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఇంటర్నెట్‌లో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ఎవరికీ తెలియకుండా దాచే నెట్‌వర్క్ ఒకటి ఉంది. మన మాట నేరుగా పోదు. ముందు ఒక రిలేకి, దాన్నించి ఇంకోదానికి, ఇలా చేతులు మారి పోతుంది. ఆ రిలేలు ఎవరివో కావు. మనలాంటివాళ్లు ఊరికే, ఎవరికో ఉపయోగపడుతుంది కదా అని ఇళ్లలో పెట్టుకున్న చిన్న చిన్న పెట్టెలు. నేనూ ఒకటి పెట్టాను. అగ్గిపెట్టెకు అన్నలా ఉంటుంది, అంతే. నాది మామూలు రిలే కాదు, దొడ్డిదారి తలుపు లాంటిది. దాన్ని బ్రిడ్జి అంటారు. దాని అడ్రసు ఏ జాబితాలోనూ ఉండదు. మనం ఎవరికిస్తే వాళ్లే రాగలరు.

నేను ఇచ్చింది ఒక్కరికే. నూరీకి.

నూరీ మా షాహీనా చెల్లెలు. షాహీనా నాతో డిగ్రీ చదివింది. వాళ్లింట్లో చెక్క స్పూన్లు, ఫోర్కులు చెక్కుతారు, ఉదయగిరిలో చాలామంది చేసే పనే. నూరీ మాత్రం ఇంటిపనికని గల్ఫ్ వెళ్లింది. వెళ్లాక ఆ ఇంటివాళ్లు పాస్‌పోర్టు తీసుకున్నారు. ఫోను లాక్కున్నారు. గడప దాటనివ్వలేదు. వెళ్లేముందు ఎందుకైనా మంచిదని నా అడ్రసు పెట్టి నేనిచ్చిన పాత ఫోనొకటి ఆ పిల్ల బట్టల మూటలో దాచుకుంది. సిమ్ లేదు. ఆ ఇంటి వైఫై ఒక్కటే దిక్కు, అందులో ఫోన్లూ మెసేజ్‌లూ అన్నీ ఆపేసి ఉన్నాయి. నా తలుపు గుండా తప్ప ఆ పిల్ల గొంతు బయటికి రాదు.

పెట్టెను ఆత్మకూరులో మా ఇంట్లో పెడదామంటే కుదరలేదు. మా కనెక్షన్‌లో మనం బయటికి పోగలం కానీ బయటివాళ్లు లోపలికి రాలేరు. మొబైల్ నెట్ కూడా అంతే. ఉదయగిరిలో షాహీనా వాళ్ల కేబుల్ అతను సొంత అడ్రసు ఇచ్చాడు. అందుకే వాళ్ల షెడ్డులో, అటక మీద, చెక్క పొట్టు మధ్యలో పెట్టాను. వారం తిరక్కుండా పొట్టు దూరి ఆగింది. తుడిచాను. రూటర్ సెట్టింగులు చెరిగిపోయాయి. మళ్లీ పెట్టాను. ఇవన్నీ ఒక ఎత్తు... గడియారం ఒక ఎత్తు.

దీన్ని కాస్త శ్రద్ధగా వినండి. ఆ చిన్న పెట్టెలో గడియారం నడవడానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోతే టైము అక్కడే ఆగిపోతుంది. తిరిగి వచ్చాక, ఆగిన చోటి నుంచే మొదలుపెడుతుంది. మధ్యలో పోయిన గంటలు దానికి తెలియవు. నెట్ తగలగానే సరైన టైము అదే తెచ్చుకోవాలి, కానీ షాహీనా వాళ్ల లైన్లో ఏదో మెలిక, అది రాదు. టైము తప్పుగా ఉంటే ఈ నెట్‌వర్క్ మనల్ని లోపలికి రానివ్వదు. అందుకే ఉదయగిరిలో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ నాకు ఫోను.

"ఏందిమే, మళ్లీ వెనకబడి ఉండాది నీ పెట్టె," అనేది షాహీనా. నేను ఆత్మకూరు నుంచి చెబుతుంటే తను లాప్‌టాప్‌లో టైపు చేసి సరిదిద్దేది. అది ముందుకు పోవడం గానీ, తనంతట తాను సరిగ్గా ఉండడం గానీ... ఒక్కసారి కూడా లేదు.

సరే. ఆ రాత్రి.

అక్కడ మన తెలుగువాళ్లకు సాయం చేసే ఒకావిడ షాహీనాకు మాట ఇచ్చింది. ఇంట్లోవాళ్లు పడుకున్నాక నూరీ వెనక గేటు దాటి రావాలి. బయట కారు ఉంటుంది. అక్కడివాళ్లు పడుకునే వేళకు మనకు అర్ధరాత్రి దాటుతుంది. ఆ రాత్రంతా తలుపు తెరిచి ఉండాలని నేను సాయంత్రం బస్సుకే ఉదయగిరి చేరాను. వాళ్ల అమ్మకు ఏమీ చెప్పలేదు. ఊరికే చూసిపోదామని వచ్చానన్నాను.

అన్నం తింటుండగా గాలి లేచింది. దుర్గం కొండ వైపు నుంచి... హోరుమని. రేకులు ఎగిరిపడ్డాయి. తర్వాత వాన. వీధి చివర చెట్టు కూలిన చప్పుడు. కరెంటు పోయింది. ఆ రాత్రి కోసమని నేను తెచ్చి పెట్టెకు తగిలించిన చిన్న బ్యాటరీ కీ... కీ... అని మూలిగింది. మేం ఇద్దరం దాన్నే చూస్తున్నాం. కీ... తర్వాత అదీ ఆగింది.

నా సంచీలో పవర్ బ్యాంకు ఉంది. పెట్టెకు పెట్టగలను. వీధిలో చెట్టు కింద తెగిపడ్డ కేబులుకు ఏం పెట్టను?

అప్పుడు షాహీనా ఫోను మోగింది. సెల్ టవర్ ఇంకా బతికే ఉంది. ఆ సాయం చేసే ఆవిడే. మాట సరిగ్గా వినిపించలేదు... కారు రాదట. విషయం ఆ ఇంటాయనకు తెలిసిపోయిందట. వెనక గేటు దగ్గర మనిషిని పెట్టాడట. ఈ రాత్రికి పిల్లను బయటికి రావద్దని చెప్పమంది.

ఎలా చెప్పాలి?

షాహీనా టైపు చేసింది. "నూరీ ఈ రాత్రి పోబాక. కారు రాదు." పంపింది. పక్కన ఒకే గీత. నూరీ నా తలుపు దగ్గరికి వస్తేనే, అందినట్టు రెండో గీత పడుతుంది. తలుపేమో చచ్చి పడి ఉంది.

"ఏమన్నా చెయ్యిమే," అంది. "నీకు అన్నీ వచ్చు గదా."

ఆ మాట గుచ్చుకుంది. నాకు ఏమీ రాదని ఆ నిమిషమే తెలిసింది. ఏడుపొచ్చింది. కోపమొచ్చింది, గాలి మీద, ఆ ఇంటాయన మీద, నా మీద.

అటక మీద నీళ్లు కారుతున్నాయి. తడుస్తుందని వైర్లన్నీ పీకి, పెట్టెను షాహీనా చున్నీలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. వినండి... అన్నీ పీకాను. కరెంటు వైరు, నెట్ వైరు, అన్నీ. చీకట్లో కూర్చున్నాం. ఎండడానికి దారాలకు కట్టిన చెక్క స్పూన్లు తల పైన గాలికి ఒకదానికొకటి తగులుతున్నాయి. టక్... టక్ టక్... టక్...

ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. షాహీనా పెదాలు మాత్రం కదులుతున్నాయి, దువా చేస్తోంది.

అప్పుడు... స్పూన్లు ఆగిపోయాయి.

గాలి ఆగలేదు. రేకులు కొట్టుకుంటూనే ఉన్నాయి. కిటికీ గుడ్డ ఎగురుతూనే ఉంది. స్పూన్లు మాత్రం... అన్నీ ఒకేసారి... నిలబడిపోయాయి. నేను తల ఎత్తి చూశాను. ఫోను వెలుతురులో నిటారుగా వేలాడుతున్నాయి. షాహీనా నా మోచేయి పట్టుకుంది.

ఒళ్లో పెట్టె వెచ్చగా ఉంది.

నా ఒంటి వేడే అనుకున్నాను. చున్నీలో చుట్టాం కదా అనుకున్నాను. చేయి కాస్త జరిపి మళ్లీ పెట్టి చూశాను. పని చేస్తున్నప్పుడు ఎంత వెచ్చగా ఉంటుందో... అంత. తర్వాత స్పూన్లు మళ్లీ మొదలయ్యాయి. టక్... టక్...

"చూసినావా?" అంది షాహీనా.

"గాలి తిరిగిందిలే," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

తెల్లవారడానికి ఇంకా టైముండగానే కరెంటు వచ్చింది. కేబుల్ ఇంకా లేదు. అయినా సిద్ధంగా ఉంచుదామని పెట్టెకు కరెంటు ఇచ్చాను. లాప్‌టాప్ తగిలించాను. నెట్ వైరు నేల మీదే ఉంది, నా కాలి దగ్గర. అలవాటు కొద్దీ టైము సరిదిద్దే కమాండు టైపు చేయడం మొదలుపెట్టాను. సగంలో చేయి ఆగింది.

తెర మీద టైము చూశాను.

కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. మళ్లీ పెట్టుకున్నాను.

"షాహీనా... నీ ఫోన్లో టైమెంత?"

చెప్పింది. నిమిషంతో సహా అదే. పెట్టెకు తెలియకూడని గంటలన్నీ పెట్టెకు తెలుసు. కరెంటు లేని గంటలు. నా ఒళ్లో ఉన్న గంటలు. ఎవరూ దిద్దలేదు. నెట్ లేదు. గడియారం ఆగాలి. ఆగలేదు.

వైరు పీకేశాను. కాసేపుండి మళ్లీ పెట్టాను. ఈసారి వెనకబడి ఉంది. ఎప్పటిలాగే, మంచి పిల్లలా, ఆగిన చోటే ఆగి ఉంది.

బాగా తెల్లారాక కేబుల్ అతను చెట్టు దాటి వచ్చి వైరు అతికించాడు. టైము దిద్దాను. తలుపు తెరుచుకుంది. మేమిద్దరం ఫోను మీదికి వంగాం. మా మెసేజ్ పక్కన ఇంకా ఒకే గీత. ముందు నూరీ మెసేజ్ వచ్చింది, వాళ్ల ఆపాకు, అంటే అక్క షాహీనాకు.

"ఆపా నేను పోలా. నువ్వన్నట్టే చెప్పులు విప్పేసినాను. కిటికీలోంచి చూసినా, గేటు కాడ మనిషి ఉండాడు. నువ్వు చెప్పకుంటే పోయేదాన్ని."

ఆ తర్వాతే... మా కళ్ల ముందే... మా మెసేజ్‌కు రెండో గీత పడింది.

షాహీనా ఏడుస్తూ నవ్వుతూ నన్ను కావలించుకుంది. నాకూ ఆనందమే, ఒట్టు, పిల్ల బతికిపోయింది కదా. కానీ నా కళ్లు ఒక్క మాట దగ్గరే ఇరుక్కున్నాయి. చెప్పులు. మేం చెప్పుల గురించి ఏమీ రాయలేదు.

కొన్ని నెలలకు నూరీ ఇల్లు చేరింది. వేరే దారిలో, పగటిపూట, ఆ సాయం చేసే ఆవిడే తీసుకొచ్చింది. నేను ఉదయగిరి వెళ్లాను. నూరీ షెడ్డులో కూర్చుని స్పూను అరగదీస్తోంది, సన్నబడిపోయింది. ఆ రాత్రి ఏం వచ్చిందని అడిగాను. తలుపు దగ్గర నిలబడి ఉందట. చెప్పులు వేసుకుని ఉందట. గడియ మీద చేయి వేసిందట. అప్పుడు ఫోను వెలిగిందట.

"పోబాక. చెప్పులు విప్పు. నేనుండా. అంతే ఉండాది అక్కా."

ఆ ఫోను ఉందా అని అడిగాను. ఉన్నా ఏం లాభం? ఏమీ మిగల్చకుండా చెరిపేసేలా దాన్ని సెట్ చేసింది నేనే. ఆ పిల్ల క్షేమం కోసం.

ఏ మెసేజో ముందే పోయి ఉండొచ్చు. ఆ పిల్ల భయంలో ఏదో చదివి ఉండొచ్చు. నేను నిద్రమత్తులో టైము తప్పు చూసి ఉండొచ్చు. అన్నీ అనుకున్నాను. ఒక్కోటీ విడిగా చూస్తే కుదురుతుంది. అన్నీ కలిపి ఒకే రాత్రి జరిగాయంటే కుదరదు.

"నువ్వే గదా అక్కా రాసింది?" అంది నూరీ. "ఆపా ఐతే 'నేనుండా' అని రాయదు. ఏడస్తాది."

ఆ కళ్లు చూస్తూ లేదనలేకపోయాను. "నేనే," అన్నాను.

ఊపిరి వదిలింది. స్పూను పక్కన పెట్టి నా చేయి పట్టుకుంది.

"ఆ ఇంట్లో ఇంకో పిల్ల ఉండాది అక్కా. ఏ ఊరిదో, భాష కూడా తెల్దు. నా ఫోను ఆ పిల్లకే ఇచ్చొచ్చినా. నీ అడ్రసు చూపించినా. ఆ పిల్లక్కూడా చెప్పు."

పెట్టె ఇంకా ఆ అటక మీదే ఉంది. కొన్ని రాత్రులు ఆ తలుపు గుండా ఎవరో వస్తారు. ఎవరో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నేను ఉన్నపళంగా టైము దిద్దించను. ముందు ఎంత చూపిస్తుందో చెప్పమంటాను షాహీనాను. ఆ రాత్రి తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమే. అయినా ఆ ఇంకో పిల్ల కోసమైనా గడియారం ఆగకుండా ఉంటే బాగుండునని అనిపిస్తుంది.

"వెనకే ఉండాది మే," అంటుంది షాహీనా.