నర్సప్ప కాక కొసరు

తాండూరు కందిపప్పు వ్యాపారి నర్సప్ప కాక కొసరు అడగకుండా ఏ దుకాణం మెట్లూ దిగడు. కూరగాయల భాగమ్మ దగ్గర కరివేపాకు రెబ్బ, కిరాణాకొట్టులో చిటికెడు జీలకర్ర, ఎండుమిరపకాయలు కొంటే పైన ఇంకో రెండు. డాక్టరు చీటీ రాస్తుంటే, "సారూ, కొసరుకు ఇంకో గోలి రాయరాదు?" అన్న మనిషి. ఒకసారి బస్సు కండక్టర్‌ని, "జర గా మలుపు దాక కొసరు తోలరాదు?" అని బతిమాలి, దిగాల్సిన చోటు దాటిపోయి, ఎండలో వెనక్కి నడిచి వచ్చాడు.

ఈయనకు వెబ్‌సైట్ చేసిపెట్టిన పాపం నాదే. వికారాబాద్‌లో నా పని అదే. ఆర్డర్లు తీసుకోవడానికి 'ఫ్రీ' అని రాసి ఉన్న ప్లగిన్ అనే రెడీమేడ్ ప్రోగ్రాం ఒకటి సైటుకు తగిలించాను. ఆ 'ఫ్రీ' రాసినవాడు దొరికితే వాడికీ నాలుగు తగిలిద్దును.

పప్పు ఫొటో పెద్దగా కనబడాలా? 'ప్రో' తీసుకోండి. ప్రోకి రక్షణ వద్దా? 'ప్లస్' తీసుకోండి. వద్దనే బటన్ కోసం కళ్లు చికిలించి వెతికితే, 'నా వ్యాపారం పెరగక్కర్లేదు' అని ఓ మూల బూడిదరంగులో నక్కి ఉంది.

"గిదెక్కడి బజారు మనీషా? కొసరు కొనేటోడు గదా అడగాలె? అమ్మేటోడు అడుగుతుండేంది?"

"నాకూ అర్థం కావట్లేదు కాకా."

ఒకనాడు తెరమీద ఎర్రచుక్క మెరిసింది. మీ పప్పు కొన్నవాళ్లు మీకు సందేశాలు రాశారు, చదవాలంటే 'ప్రీమియం' తీసుకోండి అని.

కాక ముఖం వాడిపోయింది. "తిడుతున్నరేమో బిడ్డా. పప్పు ఉడుకుతలేదేమో."

"పొగిడారేమో!"

"పొగిడేటోడు రాస్తడా? తిని పండుకుంటడు. మా అయ్య కాలం నుంచి ఒక్క మాట పడలే మేము. మాటొస్తె గీ కంప్యూటర్ బేరం బంద్ పెడ్త."

ప్లగిన్ కంపెనీకి స్పీకర్ పెట్టి ఫోన్ చేశాం. రచన అనే అమ్మాయి ఎత్తి, ప్రీమియం గొప్పలు ఊపిరి తీసుకోకుండా చెప్పింది.

"గదంత మంచిదే గాని బిడ్డా, కొసరేమిస్తవ్?"

"డిస్కౌంటా సార్?"

"డిస్కౌంట్ గాదు. కొసరు."

ఆ పిల్ల తికమకపడి పైవాళ్లను అడిగి వచ్చింది. నేను ఫోన్ లాక్కోబోతే కాక ఇవ్వలేదు. చివరికి, "వారం రోజులు ఊరికే తెరుస్తాను సార్, నన్ను వదిలేయండి" అంది. కొనకుండానే కొసరు రాబట్టిన ఘనుడు లోకంలో ఈయనొక్కడే.

సందేశాలు తెరుచుకున్నాయి. భయపడుతూనే పైకి చదివాను. 'అంకుల్, పప్పు సంచిలో చిన్న పొట్లం ఉంది. జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, ఎండిన కరివేపాకు. మా రూమ్‌లో పోపుసామానే లేదు. గిన్నె నాకి మరీ తిన్నాం.' తర్వాతదీ పొట్లం మాటే. దాని తర్వాతదీ అదే.

ఊరందరినీ విసిగించి తెచ్చే కొసరంతా ఎక్కడికి పోతోందో నాకప్పుడు తెలిసింది.

"అర్ధకిలో తెప్పించుకునేటోళ్లు ఒంటిగ ఉండేటోళ్లే బిడ్డా. ఒక్క పోపుకు జీలకర్ర డబ్బా కొంటరా?" అన్నాడు కాక సిగ్గుపడుతూ.

"నువ్వే కొని పెట్టొచ్చుగా కాకా?"

"కొన్నది కొసరెట్లయితది?"

ఈ మనిషినా నేను పిసినారి అనుకున్నది! నవ్వూ ప్రేమా ఒక్కసారే ముంచుకొచ్చాయి. బేరం బంద్ పెట్టే మాట కాక మళ్లీ ఎత్తలేదు.

ఫోన్ ఇంకా పెట్టేయలేదు. రచన అంతా విన్నట్టుంది. కాక ఫోన్ నోటిదగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఏం బిడ్డా, వంట చేస్కుంటవా?"

"రూమ్‌లోనే సార్."

"అడ్రస్ చెప్పు. పప్పు, పొట్లం పంపుత."

అడ్రస్ చెప్పి, "సార్, కొసరుకు రెండు వెల్లుల్లి రెబ్బలు వేస్తారా?" అంది.

కాక నా వైపు తిరిగి మురిసిపోయాడు. "పిల్ల బేరం నేర్చింది!"