రాత్రి ఏం తిన్నావని అడిగే టీచరమ్మ

మా పక్కింటి టీచరమ్మ సోమవారం పోయారు. గాజువాకలో మా రెండు వాటాలకీ మధ్య ఒకటే గోడ. పొద్దున్నే ఆమె రేడియోలో ప్రాంతీయ వార్తలు మొదలైతే మా ఇంట్లో తొందర మొదలయ్యేది. ఆ రోజు రేడియో మోగలేదు. నా భార్య వెళ్లి తలుపు తట్టింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. మా పత్రికలో చిన్న వార్త వేశాం. పేరు, స్కూలు, ఎన్నేళ్ల సర్వీసు. అందులో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

కూర్మన్నపాలెం దాటాక, స్టీల్‌ప్లాంటుకి భూములిచ్చిన కుటుంబాల కాలనీలో ఆమె రిటైరయ్యేదాకా హెడ్‌మిస్ట్రెస్. రేకుల షెడ్డే స్కూలు. మధ్యాహ్నం పిల్లలకి సర్కారు ఇచ్చే గోధుమరవ్వ ఉప్మా పెట్టేవారు. అందరికీ కాదు. నెలజీతం వచ్చే ఇంటి పిల్లలకి లేదు. రోజు కూలీల పిల్లలకి, పనిలేనివాళ్ల పిల్లలకి ఉంది. ప్లాంటు కట్టడం మొదలయ్యాక ఆ కాలనీలో దాదాపు ప్రతి మగవాడూ ‘ప్లాంటులో పని’ అనేవాడు. అందులో పర్మనెంటు ఉద్యోగం ఎవరిది, మేస్త్రీ కింద తట్ట మోసేది ఎవరో విడదీసి చూసే ఓపిక రూలుకి లేదు.

అందుకే స్కూల్లో చేర్చుకునేటప్పుడు నాన్న ఏం చేస్తాడని ఆమె పిల్లల్ని అడిగేవారు కాదు. రాత్రి ఏం తిన్నావని అడిగేవారు. “నాన్న సంగతి అడిగితే గొప్పలు చెప్తారు బాబూ. తిండి సంగతి అడిగితే నిజం చెప్తారు” అన్నారు నాతో ఒకసారి. గంజి అన్నవాళ్లని, ఏమీ తినలేదన్నవాళ్లని ఉప్మాకి రాసుకునేవారు.

ఇంకో పద్ధతి కూడా పెట్టారు. ప్రతి పిల్లా కంచం తేవాలి. ఇంటి నుంచి అన్నం తెచ్చుకున్నవాళ్లు కూడా దాన్ని కంచంలో పెట్టుకుని, ఉప్మా తినేవాళ్ల మధ్యే కూర్చోవాలి. తిన్నాక అందరూ ఒకే కుళాయి దగ్గర కడుక్కోవాలి. ఎవరిది సర్కారు తిండో, ఎవరిది ఇంటి తిండో దూరం నుంచి చూస్తే తెలిసేది కాదు. వంటామె గంట కొట్టేముందు మొదటి ముద్ద టీచరమ్మే తినేవారు.

రవ్వలో పురుగులు వస్తున్నాయి, ఒకసారి వచ్చి చూడమని టీచరమ్మ అంటే నేనూ ఓ రోజు వెళ్లాను. ఆ రోజే ఉప్మా లెక్కలు చూసే ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. పిల్లలు వరసలో కూర్చుని ఉన్నారు. ఇంతలో పసుపురంగు హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఒకడు గేటులోంచి లోపలికొచ్చాడు.

“ఎవరయ్యా నువ్వు?” అన్నాడు ఆఫీసరు.

“మా గుంట ఇక్కడే సదువుతాందండి, రెండో తరగతి. పలక ఇంటికాడ ఒగ్గేసినాది. ఇచ్చెల్దారని వచ్చినాను.”

“ఏం చేస్తుంటావు?”

“స్టీల్‌ప్లాంట్‌లో సేత్తన్నానండి.”

“కాంట్రాక్టు పనండీ, మేస్త్రీ కింద...” అనబోయారు టీచరమ్మ.

“కాదమ్మా, ప్లాంటే!” అని అతను జేబులోంచి గేటుపాసు తీసి ఆఫీసరు ముందు పెట్టాడు.

వరసలో అతని కూతురు తండ్రిని చూసి నవ్వుతోంది. కంచంలో ఉప్మా ఉంది. ఆఫీసరు పాప పేరు కొట్టేశాడు. కోపంగా ఏమీ కాదు. “గేటుపాసు చూపించాక నేనేం చెయ్యను టీచరుగారూ? రేపు ఆడిట్‌లో నన్నడుగుతారు” అన్నాడు.

ఆ సాయంత్రం ఇద్దరం అతని ఇంటికి వెళ్లాం. అరుగు మీద నలుగురు కూర్చుని అతన్ని ఆటపట్టిస్తున్నారు.

“ఏటి బావా, నిద్దర్లో కూడా ఆ టోపీ తియ్యవేటి?”

“తీత్తే నువ్వెట్టుకు పోతావని భయంరా!”

మమ్మల్ని చూసి లేచాడు. “కూకోండమ్మా” అని మంచం దులిపాడు. టీచరమ్మ విషయం చెప్పారు. రేపు ఆఫీసరు దగ్గరికి రావాలి, నాది కూలిపనే అని ఒక్క మాట చెప్పాలి, పాప పేరు మళ్లీ ఎక్కిస్తారు.

“అమ్మా, భూమి ఇచ్చినాను. ఉజ్జోగం ఇత్తామన్నారు. దానికోసమే ఈ టోపీ మోత్తన్నాను. ఇప్పుడు నాను కూలోణ్ణని సర్కారోళ్ల ముందు నా నోటితో సెప్తే, రేపు పర్మనెంటుకి పిలిసినప్పుడు, నువ్వే కూలోణ్ణన్నావు కదరా అనరా?”

“ఆ ఆఫీసు వేరు, ఈ ఆఫీసు వేరు నాయనా.”

“అన్నీ ఒకటే సర్కారు కాదేటమ్మా? అలా అనరని మీరు సెప్పగల్రా?”

ఆమె నావైపు చూశారు. ఆఫీసుల చుట్టూ తిరిగేవాణ్ణి నేనే కదా.

“నాకు తెలిసినంతలో అనరు” అన్నాను.

“తెలిసినంతలో” అన్నాడతను.

లోపల్నుంచి అతని భార్య గొంతు వినిపించింది. “ఉజ్జోగం ఎప్పుడొత్తాదో ఏటో. గుంటకి ఆకలి మజ్జాన్నానికే ఏత్తాది.”

అతను రాలేదు. తిరుగు బస్సులో టీచరమ్మ అన్న మాట ఒకటే. “అతను భయపడింది తప్పని నేను ఒట్టేసి చెప్పలేకపోయాను బాబూ.”

పాప కంచం పట్టుకుని వరసలోనే కూర్చునేది. తండ్రికి పని ఉన్న రోజుల్లో తల్లి చోడి అంబలి, అంటే రాగిజావ, పంపేది. వానలు మొదలై కాంక్రీటు పని ఆగింది. అంబలీ ఆగింది. టీచరమ్మ తన క్యారేజీలోంచి పెట్టేవారు. రెండు ముద్దలు తిని “సాలు టీచరమ్మా, కడుపు నిండిపోనాది” అనేదట. ఎవరి దగ్గరా తినొద్దని తండ్రి చెప్పి పంపేవాడు. దసరా సెలవుల తర్వాత ఆ పిల్ల బడికి రాలేదు. పని మళ్లీ మొదలయ్యాక తల్లి వెంట తట్టలందించడానికి పోతోందని తెలిసింది. టీచరమ్మ ఇంటికెళ్లి అడిగారు. మళ్లీ వెళ్లి అడిగారు. పంపుతామన్నారు. పంపలేదు.

ఎవరి పేర్లూ లేకుండా నేనొక వార్త రాశాను. నెలజీతం అంటే ఏమిటో రూలు చెప్పడం లేదన్నది దాని సారాంశం. హార్బరుకి రాబోయే ఓడల వివరాల పక్కన అచ్చయింది. ఏ ఆఫీసు నుంచీ జవాబు రాలేదు.

ఆ తర్వాత తనిఖీ రోజుల్లో టీచరమ్మ గేటు దగ్గరే నిలబడేవారు. ఏ తండ్రి వచ్చినా “ఆ టోపీ ఇలా ఇచ్చి లోపలికెళ్లు నాయనా” అని చెయ్యి చాచేవారు. ఆఫీసరు వెళ్లేదాకా హెల్మెట్లు ఆమె గదిలో, మ్యాపుల చుట్టల వెనక ఉండేవి. అలా కొందరు పిల్లల ఉప్మా నిలిచింది.

“ఇది మోసం కాదా టీచరుగారూ?” అని నవ్వుతూ అడిగాను.

ఆమె నవ్వలేదు. “ఉద్యోగం ఇవ్వకుండా టోపీ పెట్టినవాళ్లని అడుగు” అన్నారు. మళ్లీ తనే, “ఆ పాప నాన్న వచ్చినప్పుడు నాకీ ఆలోచన రాలేదు” అన్నారు. రిటైరయ్యాక కూడా, గోడకవతల బట్టలారేస్తూ, ఏదో మాటల మధ్య ఈ మాట మళ్లీ అనేవారు.

సోమవారం మధ్యాహ్నం ఆమెని వరండాలో పడుకోబెట్టారు. సన్నగా వాన పడుతోంది. కాలనీ నుంచి చాలామంది వచ్చారు. గేటు బయట ఒకతను ఆగి ఉన్నాడు. జుట్టు నెరిసింది. దగ్గరికెళ్లాక గుర్తుపట్టాను.

“పర్మనెంటు అయిందా?” అని అడిగాను.

“ఇంకా లేదండి. మేస్త్రీ మారినాడు, అంతే.”

“పాప రాలేదా?”

“పనిలో ఉందండి. మేస్త్రీ ఒగ్గలేదు.”

లోపలికి రమ్మన్నాను. అతను గేటు దగ్గర ఆగి, తల మీద హెల్మెట్ తీశాడు. పసుపురంగు వెలిసిపోయి, అంచున పగిలి ఉంది. ఎవరికివ్వాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, చెప్పుల పక్కన వెల్లకిలా పెట్టి లోపలికి వెళ్లాడు. నేను చూరు కింద నిలబడి ఉన్నాను. వాన దాంట్లోనే పడుతోంది.