ముందు నాలుక చాపండి

రాజోలులో బంగారరాజు గారికి ఎదురుపడితే నమస్కారం కంటే ముందు నాలుక చాపాలి. నడివయసులో కొబ్బరితోటలు తమ్ముడికి అప్పగించి, మద్రాసు వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చారాయన. నాలుక రంగు చూసి, నాడి పట్టుకుని ఒంట్లో సంగతులన్నీ చెప్పేయవచ్చని చైనా వైద్యం అంటుందట. ఇక ఊళ్లో ఎవరినీ వదల్లేదు.

అమలాపురం బస్సులో కండక్టరు "టికెట్టండీ" అంటే, "ముందు నాలుక చాపండి" అన్నారు. పాపం, చాపాడు. అందరూ మెడలు సాచి చూశారు.

"పనసతొనలు ఎక్కువ తిన్నారా?"

"ఆయ్!" అన్నాడతను బిత్తరపోయి.

మురమళ్ళలో ఒక పెళ్లికి వెళ్తే, తాళి కట్టబోతున్న పెళ్లికొడుకు నాలుక మీద మనసుపడ్డారు. భార్య రాజ్యం గారు చెయ్యి పట్టుకుని భోజనాల వైపు లాక్కుపోబట్టి ముహూర్తం దాటలేదు.

పిల్లల కోసం వైద్యం చేయించుకునే ఆడవాళ్లూ ఆయన దగ్గరికి వచ్చేవారు. వాళ్లతో ఒకటే మాట: "బిడ్డనిచ్చేది నా సూది కాదండి. డాక్టరమ్మ మందులు మానకండి. కాస్త నిద్రపట్టేలా నేను చూస్తాను, అంతే."

అలా వచ్చింది నాగదుర్గ. విశాఖపట్నంలో టెస్ట్‌ట్యూబ్ వైద్యం ఒకసారి ఫలించక, రెండోసారికి సిద్ధమవుతోంది. వెంట అత్తగారు సూర్యకాంతం గారు. నడుంనొప్పికి సూదులు గుచ్చించుకుని నేను తెర ఇవతల బోర్లా పడుకుని ఉన్నాను; తెర సందులోంచి అంతా కనిపిస్తోంది. కోడలు బల్ల ఎక్కగానే ఆవిడ మొదలుపెట్టారు.

"మా ఆడపడుచు కోడలికి ఏడాది తిరక్కుండా కవలలండి. మా ఇంటికే ఈ రాత! గట్టిగా గుచ్చండి, చలనం వస్తుందేమో."

నాగదుర్గ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"మీరు నాలుక చాపండి" అన్నారు బంగారరాజు గారు.

"నాకెందుకండీ? పిల్లలు కావలసింది దానికి."

"చాపాలండి."

చాపారు. ఆయన తనివితీరా చూశారు. "అమ్మో! ఈ వేడి కోడలికి తగులుతోందండి. మీ ఇంట్లో ఎవరూ పిల్లల ఊసెత్తకూడదు. ఎత్తేరా, నా సూది పనిచెయ్యదు."

"మా ఆయన కూడానా?"

"వచ్చేపోయే చుట్టాలు కూడానండి. మీరే కాపలా ఉండాలి."

సూర్యకాంతం గారు ఏ పని పెట్టుకున్నా సగంలో వదిలే మనిషి కాదు. గుమ్మంలో కుర్చీ వేసుకున్నారు. "కోడలికేమైనా విశేషమా?" అని ఎవరైనా నోరు తెరిస్తే, "మూయండి! వైద్యం జరుగుతోంది" అనేవారు. ఆడపడుచు కవలల కబుర్లతో వస్తే వీధిలోనే మజ్జిగ ఇచ్చి పంపేశారు. ఆ ఇంట్లో నాగదుర్గకి పగలు కూడా నిద్రపట్టడం మొదలైంది.

రెండోసారి వైద్యం ఫలించింది. ఆడపిల్ల పుట్టింది. సూర్యకాంతం గారు పూతరేకులు పట్టుకొచ్చి, "అంతా మీ సూది మహిమండి!" అన్నారు.

"డాక్టరమ్మది, మీ కోడలి ఓపికది" అని ఆయన ఒక పూతరేకు తీసుకున్నారు.

ఆవిడ వెళ్లాక అడిగాను. "అత్తగారి వేడి కోడలికి తగులుతుందని చైనా పుస్తకాల్లో ఉందాండీ?"

"లేదండి."

"మరి ఆవిడ నాలుకకి ఏమైంది?"

"చూడ్డానికి నిక్షేపంలా ఉందండి" అన్నారు బంగారరాజు గారు, పూతరేకు కొరుకుతూ. "వినడానికే బాలేదు."