గాలి మీద మోసిన కుండ

మొన్న మా మనవడి సైకిలుకి గాలి ఆగడం లేదంటే, కోనేరు సెంటరు దాటాక ఉన్న ఒక పంక్చరు కొట్టుకి నేనే దాన్ని నడిపించుకుంటూ వెళ్లాను. ఇప్పుడు బందరులో పంక్చర్లు వేసేవాళ్లు మోటారు సైకిళ్లనే తప్ప సైకిళ్లను కన్నెత్తి చూడరు. ఈయన మాత్రం పాతకాలపు మనిషి, నాకంటే ఓ పదేళ్లు చిన్నవాడై ఉంటాడు. టైరు విప్పి, ట్యూబు బయటికి లాగి, నీళ్ల తొట్టిలో ముంచకముందే వేళ్ల మధ్య సాగదీసి చూసి, "దీన్ని గాలి లేకుండా చాలా దూరం తొక్కారండీ" అన్నాడు. ఎలా తెలిసిందని అడిగాను. ముల్లు గుచ్చుకుంటే ఒకటే చిల్లు పడుతుందనీ, గాలి పోయాక కూడా మనిషి ఎక్కి తొక్కితే రిమ్ము అంచులు నొక్కుకుని పక్కపక్కనే జంట గాట్లు పడతాయనీ, ట్యూబు నలిగి నల్లటి పొడి రాలుతుందనీ చూపించి, ఈ పని తెలిసినవాడి చేతిలో ట్యూబు పడితే ఇక దాచేదేమీ ఉండదండీ అని నవ్వాడు. ఆయన మామూలుగానే అన్నాడు. మనవడు తొక్కింది కాదు నా మనసులో మెదిలింది. నలభై ఏళ్లు దాటింది, నేనూ ఒకసారి అలాగే తొక్కాను. ఆ సంగతి ఈ లోకంలో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదనే నమ్మకంతో ఇన్నాళ్లూ బతికాను.

మాది గుడివాడ. మా వీధి చివర ఒక సైకిలు షాపు ఉండేది. ఆ షాపాయన మాకు చుట్టమూ కాదు పక్కమూ కాదు, అయినా వీధిలో పిల్లలందరికీ ఆయన మావయ్యే, ఆయన ఒక్కగానొక్క కొడుకు, నా ఈడువాడు, నాకు బావ. మా నాన్నకి సైకిలంటే పడదు. పడి కాలు విరగ్గొట్టుకుంటే చేనుకి పోయేదెవరని ఆయన బాధ. అందుకని మావయ్యే ఒకనాటి పొద్దున్నే నన్ను కాలవ గట్టు మీదికి తీసుకెళ్లి, సీటు అందక చట్రం మధ్య నుంచి కాలు దూర్చి తొక్కుతున్న నా వెనక పరుగెత్తుతూ, నాకు చెప్పకుండా ఎక్కడో చెయ్యి వదిలేశాడు. వదిలేశాడని తెలిసిన క్షణంలో పడ్డాను. మోచేతికి ఇప్పటికీ మచ్చ ఉంది. పడనివాడికి సైకిలు రాదురా అనడం ఆయనకి అలవాటు. ఏ సైకిలు కనబడినా, అది ఎవరిదైనా సరే, బొటనవేలితో టైరు నొక్కి చూడటం ఇంకో అలవాటు. సైకిలు నేల మీద నడవదురా, గాలి మీద నడుస్తుంది అని ఆయన చెబుతుంటే చిన్నప్పుడు మేము నిజంగానే వంగి చక్రాల కింద ఖాళీ ఉందేమోనని చూసేవాళ్లం.

ఆయన ఏటా మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్లి కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట స్నానం చేసి వచ్చేవాడు. అంత దూరమూ సైకిలు మీదే. బస్సులొచ్చినా మానలేదు. బతికుండగా కొడుకుని అడిగింది కూడా అదొక్కటే: నన్ను కలిపేది అక్కడే కలపండి, బస్సు మాత్రం ఎక్కించకండి అని. మినుము పీకుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం చక్రం బిగిస్తూ బిగిస్తూ పక్కకి ఒరిగిపోయాడు. నా తండ్రి పోయినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉన్నా నిజం నిజమే.

అస్థికలు కొత్త కుండలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి, కాలవ గట్టున చెట్టుకొమ్మకి వేలాడదీశారు. మన పక్క ఆచారం తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ కుండ నీళ్లలో కలిసేదాకా నేలను తాకకూడదు, ఇంట్లోకి రాకూడదు, దాన్ని మోసేటప్పుడు ముందున్నవాళ్లు వెనక్కి తిరిగి చూడకూడదు. సైకిలు మీద తీసుకెళ్తామంటే పురోహితుడు గారు సందేహించారు. సైకిలు నేలను ముట్టుకునే పోతుంది కదా నాయనా అన్నారు. బావ తలెత్తి, మా నాన్న సైకిలు గాలి మీద నడుస్తుందండీ అన్నాడు. ఆ పెద్దాయన చాలాసేపు ఆలోచించి చివరికి ఒప్పుకున్నారు. అయితే రెండు మాటలు చెప్పారు. మోసేవాడి టైరులో గాలి తగ్గితే కుండ వెంటనే చేతులు మారాలి, గాలి లేని సైకిలు మీద ఒక్క బారెడు దూరం కూడా పోకూడదు. ఇక అంత దూరం కొడుకు ఒక్కడే మొయ్యలేడు గనక, మోసిన ప్రతివాడూ ఆ కాసేపూ కొడుకే. మేము నలుగురం కుండ మీద చెయ్యి వేసి సరేనన్నాం.

నలుగురంటే బావ, నేను, మా పెదనాన్న కొడుకు అన్నయ్య, వరసకి బాబాయే అయినా నాకంటే ఆరు నెలలు చిన్నవాడైన మా బాబాయి. అన్నయ్య బడిపంతులు, పొదుపుగా మాట్లాడేవాడు. బాబాయి నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రోజు అతను కూడా పామర్రు దాకా ఒక్క మాటా మాట్లాడలేదంటే మేమెలా బయలుదేరామో ఊహించుకోండి. కోడికూతకి గుడివాడ వదిలాం. కుండని పంచెలో మూటగట్టి మోసేవాడి మెడలో వేసి, గుండెకి ఆనేలా బిగించి కట్టేవాళ్లం. బావకి చెప్పులు నిషిద్ధం, ఉత్త కాళ్లతో పెడల్ తొక్కాడు. మొవ్వ దాటేసరికి బాగా తెల్లవారింది. పొలాల్లో మినుము కుప్పలు, గట్ల మీద పనికి పోతున్న ఆడవాళ్లు. మా మెడలో మూట చూడగానే ఎవరో చెప్పినట్టు పక్కకి తప్పుకుని దణ్ణం పెట్టేవాళ్లు. చల్లపల్లి దగ్గర చెరుకు బండ్లవాళ్లు ఎడ్లను ఆపి మరీ మాకు దారి ఇచ్చారు. ఊరు చివర ఏ చెట్టు దొరికితే దానికి కుండ కట్టి, అటుకులు తిని, వంతు మార్చుకుని మళ్లీ ఎక్కేవాళ్లం. ఎక్కే ముందు బావ నాలుగు సైకిళ్ల టైర్లూ బొటనవేలితో నొక్కి చూసేవాడు. ఆ వేలు నాకు మావయ్య వేలులాగే కనిపించేది.

పులిగడ్డ అక్విడక్టు మీద వంతు అన్నయ్యది. కింద ఏరు, పైన కాలవ, మధ్యలో మేము. దాటాక దివిసీమ. ఉప్పెన వచ్చి అప్పటికి ఏళ్లు గడిచినా తలలు లేని కొబ్బరి మొండేలు ఇంకా అక్కడక్కడా నిలబడే ఉన్నాయి. కోడూరు చేరేసరికి ఎండ మండిపోతోంది, కుండ కట్టడానికి దగ్గరలో ఒక్క చెట్టు లేదు. ఒక పాక ముందు నిలబడి మంచినీళ్లు అడిగాం. లోపలినుంచి వచ్చిన ముసలమ్మ మూట చూసి, తన చూరు వాసానికే కట్టుకోమంది. ఇంటి చూరుకి కట్టకూడదమ్మా, నీకు మంచిది కాదని అన్నయ్య వెనకాడాడు. "మా ఇంట్లో ముగ్గురు పోయారు నాయనా, వాళ్లకి ఈపాటి కుండ కూడా దక్కలేదు. కట్టుకోండి, నాకేం కాదు" అంది. కట్టాం. ఆవిడ ఇత్తడి చెంబుతో మాకు నీళ్లు పోసి, ఒక చెయ్యి చూరు మీద వేసి, మేము లేచేదాకా ఆ కుండ పక్కనే నిలబడింది. నేను ఆ తర్వాత చాలా చావులు చూశాను గానీ, అంత మర్యాద ఎవరికీ దక్కడం చూడలేదు.

ఆఖరి వంతు నాకు కావాలని పొద్దున్నే బావని బతిమాలుకున్నాను. నిజానికి అది వాడిది, సముద్రం దాకా కన్నకొడుకే తీసుకెళ్లాలి. అయినా వాడు నా ముఖం చూసి సరేనన్నాడు. కోడూరు దాటాక దారి దారిలా లేదు. రెండు వైపులా చవుడు నేల, తుమ్మ ముళ్లు, ఎండి బీటలు వారిన బండి జాడలు. పొద్దు గుంకేలోగా కలపాలి గనక ముగ్గురూ వేగంగా పోతున్నారు, ఆచారం ప్రకారం ఎవరూ వెనక్కి చూడటం లేదు. సగం దూరంలో నా వెనక చక్రం మెత్తబడింది. నాకు వెంటనే తెలిసింది. మావయ్య దగ్గర నేర్చుకున్నవాణ్ణి, తెలియకపోవడమేమిటి? కేకేస్తే బాబాయి ఆగి మూట తన మెడలో వేసుకుంటాడు, అంతే. కానీ ఆ కాసేపు నేను ఆయన కొడుకుని. ఇంకొంచెం గాలి ఉందిలే అనుకున్నాను. గాలి పూర్తిగా పోయాక ఇంకెంతో దూరం లేదులే అనుకున్నాను. రిమ్ము నేలకి కొట్టుకుంటూ టకటకమంటుంటే పళ్లు బిగించి తొక్కాను. ఒకచోట బండి జాడలో చక్రం ఇరుక్కుని, నేను మూటతో సహా బోర్లా పడ్డాను.

కుండ పగల్లేదు. కానీ నేలను తాకింది. గుండెకీ మట్టికీ మధ్య నలిగిన చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది. లేచి, చొక్కా విప్పి మూటకి అంటిన మట్టి తుడిచి, కాసేపు నడిపించి, హంసలదీవి గుడి కనబడగానే మళ్లీ ఎక్కి తొక్కి వాళ్లని చేరుకున్నాను. ఒడ్డున బావ మూట అందుకుని, గుడ్డ మడతలో మిగిలిన మట్టిని వేళ్లతో దులిపి, నడుములోతు నీళ్లలోకి వెళ్లాడు. నేను తేలు కుట్టిన దొంగలా గట్టునే నిలబడ్డాను.

ఆ రాత్రికి గుడి దగ్గర సత్రంలో తల దాచుకుని, పొద్దున్నే నేను లేచేసరికి బావ నా వెనక చక్రం విప్పి కూర్చున్నాడు. ట్యూబు చేతిలో పట్టుకుని ఉన్నాడు. వాడు దాన్ని చూశాడు, నన్ను చూశాడు, దీనికి ప్యాచి వేసి లాభం లేదురా అని దాన్ని చుట్టి సంచిలో పెట్టేసి, వెంట తెచ్చిన కొత్త ట్యూబు ఎక్కించి గాలి కొట్టాడు. అంతే. పంక్చరు ఎక్కడ పడిందని కూడా అడగలేదు. వాడికి తెలియలేదనుకుని నేను ఎంత ఊరట పడ్డానో! పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఇన్నేళ్లూ గడిపేశాను. ఉద్యోగం వచ్చి బందరు చేరాను, పెళ్లయింది, పిల్లలయ్యారు. అన్నయ్య పోయాడు, బాబాయి పోయాడు. బావ ఇంట్లో ఏ కష్టం వచ్చినా, షాపు మూతపడినా, నేను ఆనాడు చేసినదాని ఫలమేమోనని లోపల్లోపల కుమిలిపోయేవాణ్ణి. పైకి అనలేదు.

పంక్చరు కొట్టు నుంచి వచ్చిన మర్నాడే గుడివాడ బస్సెక్కాను. బావకి వారానికి రెండుసార్లు డయాలసిస్. మనిషి సగమయ్యాడు. వాడి భార్య, వరసకి నాకు అక్క, కాఫీ తేవడానికి లోపలికి వెళ్లగానే నేను ఏ ముందుమాటా లేకుండా మొత్తం చెప్పేశాను. కుండ కింద పడిందిరా బావా అన్నాను.

"తెలుసులేరా. ట్యూబు విప్పింది నేనేగా."

మరి అడగలేదేమని అన్నాను.

"మా నాన్న ఎంతమందికి సైకిలు నేర్పాడు! పడ్డవాణ్ణి ఎందుకు పడ్డావురా అని ఏనాడైనా అడిగాడా? లేచాడా లేదా అనే చూసేవాడు." కాసేపు ఊపిరి తీసుకుని, "లేచి తెచ్చావుగా" అన్నాడు.

డెబ్బైకి దగ్గరపడిన ఇద్దరు ముసలాళ్లం అలా కూర్చుని ఏడ్చాం. అక్క కాఫీ తెచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

ఇప్పుడు కోడూరు దాటాక కూడా తారు రోడ్డుందట, ఏసీ కార్లలో కుండ ఒళ్లో పెట్టుకుని రెండు గంటల్లో వెళ్లి, కలిపేసి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరుతున్నారు. తప్పేం కాదు, ఎవరి వీలు వాళ్లది. కాకపోతే దారిలో ఎడ్లు ఆపేవాళ్లూ, చూరు చూపించే ముసలమ్మా ఆ అద్దాలకి అవతలే ఉండిపోతారు. మోసినంతసేపూ కొడుకువే అని చెప్పే పెద్దలూ లేరు, మొయ్యడానికి వంతులు అడుక్కునే స్నేహితులూ లేరు. నలుగురిలో ఇద్దరం మిగిలాం.

నేను లేవబోతుంటే బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "నా వంతుకి మాత్రం బయలుదేరే ముందు టైరు నొక్కి చూసుకోరా" అన్నాడు, నవ్వుతూనే. అలాగే బావా అన్నాను. నా మోకాళ్లు అరిగిపోయి రెండేళ్లయిందనీ, ఇక సైకిలు ఎక్కవద్దని డాక్టరు చెప్పాడనీ వాడికి చెప్పలేదు. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టుకీ రెండు కాళ్లూ ఆనించి, వాడింటి మెట్లు దిగాను. వాడు మంచం మీదనుంచి నా కాళ్ల వంకే చూస్తున్నాడు.