మొగులయ్య భుజం మీది చెయ్యి

పటాన్‌చెరులో అబ్దుల్ కరీం ఫొటో స్టూడియోలో సుమిత్ర పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. మొదట్లో ఆమె పనంతా సన్నటి కుంచెతోనే. నలుపు తెలుపు ఫొటోల మీద మచ్చలు దిద్దేది, పోయినవాళ్ల మసక బొమ్మలకు కనుబొమలు, పెదవుల అంచులు గీసేది. కంప్యూటరు వచ్చాక కరీంకు మౌస్ మాట వినలేదు. "నీ చెయ్యి సాఫ్ ఉంటది బేటీ, నువ్వే కూసో" అని ఆ కుర్చీ ఆమెకే ఇచ్చేశాడు.

ఊరందరి బొమ్మలు దిద్దిన మనిషి ఇంట్లో భర్త ఫొటో సరైనది ఒక్కటీ లేదు. రెండు వేల నాలుగు ఎండాకాలంలో ఆమె భర్త మొగులయ్య మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, బొంబాయి రోడ్డు దాటుతుంటే లారీ కొట్టింది. అక్కడికక్కడే పోయాడు.

సుమిత్రకు ఏడుపు రాలేదు. వచ్చిన ఆడవాళ్లు ఆమెను పట్టుకుని ఏడ్చి, ఆమె కళ్లు పొడిగా ఉండడం చూసి మెల్లగా చేతులు వదిలేవారు. అన్నం పెడితే తినేది. కూర్చోమన్నచోట కూర్చునేది.

ఐదో రోజున మొగులయ్యతో ఒకే షిఫ్టులో పనిచేసే జహూర్ ఒక ఫ్లాపీ తెచ్చాడు. "ఆఫీసు కంప్యూటర్ల ఉండె భాబీ, మేమందరం కలిసి దిగిన ఫొటో. బతిమాలి ఎక్కించుకొచ్చిన" అన్నాడు.

దినాలకు పటం కావాలి. ఏడో రోజు పొద్దున సుమిత్ర చెప్పులు తొడుక్కుంటే పక్కింటి ఆమె బుగ్గలు నొక్కుకుంది. "ఏడు దినాలకే గడప దాటుడేందమ్మా?"

లోపలి నుంచి అత్త బీరమ్మ గొంతు వినిపించింది. "పోనియ్యుండ్రి. నా కొడుకు మొకం నాకు కావాలె."

స్టూడియోలో కంప్యూటరులో ఫ్లాపీ పెట్టి ఫొటో తెరిచింది. ఎనిమిది మంది వరుసగా నిలబడ్డారు. మధ్యలో మొగులయ్య, అతని ఎడమ భుజం మీద జహూర్ చెయ్యి. ముఖం మసకగా ఉంది. కాస్త తేటగా చేద్దామని ఫిల్టర్ల పట్టీ తెరిస్తే పేర్లన్నీ బూడిదరంగులో పడి ఉన్నాయి. నొక్కితే పలకవు. ఫొటో మీద పొరలా కొత్త లేయరు వేద్దామంటే అదీ రాలేదు.

కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టింది. అదే తీరు. ఫ్లాపీలోంచి ఫొటోను మెషీన్‌లోకి ఎక్కించి చూసింది. అదే తీరు. కరీం సీడీ తెచ్చిస్తే సాఫ్ట్‌వేరు మొత్తం తీసేసి మళ్లీ వేసింది. గంటన్నర పట్టింది.

"ఇడ్సిపెట్టు బేటీ. బీరంగూడల ఇంకొకలకిస్త" అన్నాడు కరీం.

"చేస్త భాయ్."

ఆమె గొంతులో కోపం లేదు, పట్టుదలా లేదు. చేతిలో ఉన్న పని చేస్తోంది, అంతే. అంతకుముందు తాను చేసిన వేరే ఎవరిదో పెళ్లి ఫొటో తెరిచింది. అందులో పేర్లన్నీ నల్లగా ఉన్నాయి, చక్కగా పనిచేస్తున్నాయి. అంటే చెడింది సాఫ్ట్‌వేరు కాదు, ఈ ఫొటోలోనే ఏదో ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చింది. పెళ్లి ఫొటో పేరు పక్కన ఆర్‌జీబీ అని, అంటే పూర్తి రంగులదని ఉంది. మొగులయ్య ఫొటో పక్కన ఇండెక్స్ అని ఉంది. ఫ్లాపీలో పట్టడానికి ఆఫీసువాళ్లు రంగులు తగ్గించి ఇచ్చినట్టున్నారు.

మోడ్ అన్నచోటికి వెళ్లి ఆర్‌జీబీ నొక్కింది. బూడిదరంగు పేర్లన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి.

"అయ్యిందా?" అన్నాడు కరీం.

"అయ్యింది."

తగ్గించిన రంగులు తిరిగి రాలేదు గాని, ఫిల్టరు వేస్తే ముఖం కొంత తేటపడింది. పక్కవాళ్లను ఒక్కొక్కరినే తీసేసింది. చివరికి భుజం మీద చెయ్యి మిగిలింది. పక్కనున్న చొక్కా బట్టను కొంచెం కొంచెం తెచ్చి వేళ్ల మీద అద్దింది. చిటికెన వేలు, ఉంగరపు వేలు, అలా అన్నీ పోయాయి. భుజం మాత్రం ఆ బరువుకు ఒక పక్కకు ఒరిగే ఉంది. దాన్ని సరిచేయడం ఆమెకు తెలుసు. చేయలేదు.

పదకొండో రోజు జహూర్ వచ్చాడు. దండ వేసిన పటానికి దగ్గరగా వంగి చూశాడు.

"ఈడ నా చెయ్యి ఉండె గదా భాబీ."

"తీసేసిన."

"అచ్ఛా" అన్నాడతను. కుడిచేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు జేబులో పెట్టుకుని, తీసి, బయటికి నడిచాడు.

మరునాడే సుమిత్ర పనిలోకి పోయింది. పాస్‌పోర్టు ఫొటోలు కోసింది, ఒక బారసాల ఆల్బమ్ పూర్తిచేసింది. సాయంత్రం మళ్లీ ఆ ఫ్లాపీ పెట్టి, ఎనిమిది మందీ ఉన్న ఫొటోను ఏమీ దిద్దకుండా ఉన్నదున్నట్టే అచ్చువేసింది. కవరులో పెట్టి పైన జహూర్ పేరు రాసింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇవ్వమని కరీం చేతికిచ్చి, బస్టాపుకు నడిచింది.